ఉప్పుగాలిలో సోనీ 200-600: జనం లేని తీరాల్లో ఫోటోలు తీసేవాళ్ల కోసం సమీక్ష

సోనీ ఎఫ్ఈ 200-600 మి.మీ. ఎఫ్/5.6-6.3 జీ ఓఎస్ఎస్ లెన్స్ 2019లో వచ్చింది. చెట్ల మధ్య, చెరువుగట్ల మీద ఇదెలా పనిచేస్తుందో ఈపాటికి చాలామంది రాసేశారు. ఇక్కడ చూసేది వేరు. కట్టడాలు, దీపాలు, జనం లేని ఇసుక తీరంలో, ఉప్పుగాలిలో, ఏటి మొగల దగ్గర బురదలో పక్షుల కోసమూ దృశ్యాల కోసమూ దీన్ని రోజుల తరబడి వాడితే ఏం ఒరుగుతుంది, ఏం ఇబ్బంది పెడుతుంది అన్నదే లెక్క. తీరానికి దీన్ని సిఫార్సు చేయడానికి మొదటి కారణం దాని గొట్టం. 600 అనే అంకె ఆ తర్వాతే.

ఈ లెన్స్‌లో జూమ్ అంతా లోపలే జరుగుతుంది. 200లో ఉన్నా 600లో ఉన్నా పొడవు 318 మి.మీ. చాలా టెలిఫోటో జూమ్‌లు తిప్పగానే గొట్టం బయటికి సాగుతుంది. సాగిన గొట్టం మీద ఇసుక రేణువులు, ఉప్పు తుంపర అంటుకుంటాయి. మళ్లీ లోపలికి తోసినప్పుడు ఆ మురికంతా సీలు దాకా వెళ్తుంది, కొంత లోపలికీ దిగుతుంది. కొన్ని నెలలకు జూమ్ రింగు తిప్పితే కరకరమంటుంది. సోనీ వారిదే 100-400 జీఎం, కానన్ ఆర్ఎఫ్ 100-500 ఈ సాగే రకానివే. రెండూ మంచి లెన్స్‌లు, తేలికైనవి కూడా. కానీ గాలికి ఇసుక లేచే చోట వాటికి ప్రతిసారీ గొట్టం తుడిచే పని పడుతుంది. 200-600కి ఆ బాధ లేదు. పైగా 200 నుంచి 600కి వెళ్లినా బరువు ముందుకు జరగదు కాబట్టి గింబల్ హెడ్ (బరువైన లెన్స్‌ను తూకంగా ఉంచి ఎటైనా తిప్పనిచ్చే ట్రైపాడ్ తల) మీద ఒకసారి సమతూకం కుదిరిస్తే చాలు. రింగు తిరిగే కోణం కూడా చిన్నదే. నీళ్లలోకి దూకబోతున్న టెర్న్ పక్షిని 200లో వెతికి పట్టుకుని, వేళ్లు మార్చకుండానే 600కి వెళ్లొచ్చు.

ట్రైపాడ్‌కు బిగించే కాలు విప్పేస్తే బరువు 2,115 గ్రాములు. బాడీ కలుపుకుంటే దాదాపు మూడు కిలోలు. మెత్తటి ఇసుకలో నాలుగైదు కిలోమీటర్లు నడిచాక ఈ బరువు తెలుస్తుంది. చేత్తో పట్టుకుని ఎగిరే పక్షులను తీయొచ్చు, కానీ పది నిమిషాలకోసారి చేతికి విశ్రాంతి ఇవ్వాలి. అసలు పేచీ ఆ కాలితోనే. దాని అడుగు ట్రైపాడ్ తలల్లో ఎక్కువగా వాడే ఆర్కా-స్విస్ గాడికి సరిపడేలా చెక్కలేదు. విడిగా ప్లేటు బిగించాలి, లేదంటే ఇతర కంపెనీలు చేసే గాడి ఉన్న కాలు కొనుక్కుని మార్చుకోవాలి. ప్లేటు బిగిస్తే మరో చిక్కు: కాలికి, ప్లేటుకు మధ్య ఇసుక చేరి, బిగించినట్టే అనిపించి లెన్స్ మెల్లగా పక్కకు తిరుగుతుంది. ఇంత ధర పెట్టి చేసిన లెన్స్‌కు రెండు గాళ్లు చెక్కకపోవడం పిసినారితనమే. కాలే మార్చుకోవడం మేలు.

ముందు ఫిల్టర్ బిగించే మర 95 మి.మీ. ఆ కొలతలో ఫిల్టర్లు పెద్దవి, బరువైనవి. తీరంలో పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టాలని అందరికీ అనిపిస్తుంది గానీ ఈ లెన్స్‌కు అది అరుదుగానే పనికొస్తుంది. స్టాపున్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). అసలే వెలుతురు తక్కువ పోనిచ్చే ఎఫ్/6.3 లెన్స్, ఎగిరే పక్షికి ఆ రెండు స్టాపులు వదులుకోలేం. తడి రాళ్ల మీద మెరుపు తగ్గించాల్సినప్పుడు, అదీ ట్రైపాడ్ మీద, వాడుకోవచ్చు. అద్దాన్ని కాపాడుతుందని యూవీ ఫిల్టర్ ఎప్పుడూ తగిలించి ఉంచడం ఎదుటి సూర్యుడితో పనికిరాదు, లేని మెరుపు మచ్చలు వస్తాయి. తుంపర ఎగిరే రోజున మాత్రం పెట్టుకోండి. ముందు అద్దానికి ఫ్లోరిన్ పూత ఉంది, మిగతా రోజుల్లో లెన్స్ ముందు తగిలించే హుడ్ చాలు.

పక్షుల దగ్గరికి వద్దాం. వీటికి ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టడమే సుఖం. నల్లటి నీటి మీద తెల్ల కొంగ కనబడితే కెమెరా మీటరు చీకటి ఎక్కువుందనుకుని వెలుతురు పెంచేస్తుంది, కొంగ ఈకలు తెల్లటి అట్టముక్కలా మారిపోతాయి. అదే కొంగ నురగ ముందుకు వస్తే మీటరు తగ్గించేస్తుంది. వెలుతురు మారలేదు, వెనకున్నదే మారింది. నిండు ఎండలో పాత ఎఫ్/16 లెక్కే ఆధారం: ఎఫ్/16 దగ్గర షట్టర్ 1/ఐఎస్ఓ (ఐఎస్ఓ అంటే వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి). ఈ లెన్స్ 600 వైపు ఎఫ్/6.3 కాబట్టి ఐఎస్ఓ 400కి షట్టర్ 1/2500 వస్తుంది. తెల్ల పక్షికి అక్కడి నుంచి మూడోవంతు స్టాపు నుంచి మూడింట రెండు వంతుల వరకు తగ్గించండి. ముదురు రంగు పక్షికి అంతే పెంచండి. పొద్దు పొడిచిన కాసేపటి దాకా వెలుతురు రెండు స్టాపుల దాకా తక్కువ ఉంటుంది, అప్పుడు అదే 1/2500కి ఐఎస్ఓ 1600. పరుగెత్తే సాండ్‌పైపర్‌కు 1/1000 చాలు. నీళ్లలోకి దూకే టెర్న్‌కు 1/2500 కన్నా తగ్గొద్దు.

ఫోకస్ మోటారు చురుకైనదే. ఎగిరే పక్షులకు, ఫోకస్ వెతికే దూరానికి హద్దు పెట్టే లిమిటర్ స్విచ్‌ను 10 మీటర్ల నుంచి అనంతం వైపుకు పెట్టండి. లేకపోతే ఒకసారి పక్షి తప్పిపోగానే లెన్స్ 2.4 మీటర్ల దాకా వెళ్లి వెతుక్కుని తిరిగొస్తుంది, ఆలోగా పక్షి ఫ్రేము దాటిపోతుంది. నీటిపైన ఇంకో తంటా ఉంది. విరిగే అలల నురగలో తెలుపు నలుపుల తేడా చాలా ఎక్కువ, ఫోకస్ దాన్నే పట్టుకుంటుంది. పక్షి కన్ను గుర్తించే సదుపాయం ఉన్న బాడీలో కూడా, మొత్తం ఫ్రేము వదిలేసి జోన్ లేదా పెద్ద స్పాట్ పెట్టుకుని, ట్రాకింగ్ సెన్సిటివిటీ (ఫోకస్ ఎంత త్వరగా మరోదానికి మారాలన్న అమరిక) మామూలుగా ఉండే 3 నుంచి 2కి తగ్గిస్తే మధ్యలో అల అడ్డొచ్చినా ఫోకస్ పక్షిని వదలదు. సోనీ వేగవంతమైన బాడీలు ఇతర కంపెనీల లెన్స్‌లతో సెకనుకు 15 ఫ్రేముల దగ్గర ఆగిపోతాయి. ఈ లెన్స్‌కు ఆ హద్దు లేదు. దూకే పక్షుల కోసం వెళ్లేవాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన తేడా.

గాలి, సూర్యుడు ఎటున్నాయన్నది లెన్స్ కన్నా పెద్ద సంగతి, కొన్నాక నిరాశ పడకుండా ముందే తెలుసుకోవాలి. పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. బలమైన రుతువుగాలి లేని రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, పొద్దెక్కాక సముద్రం మీంచి నేల వైపు తిరుగుతుంది. పడమటి తీరంలో ఇది అచ్చొస్తుంది. పొద్దున సూర్యుడూ గాలీ రెండూ నేల వైపు నుంచే, సాయంత్రం రెండూ సముద్రం వైపు నుంచే. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని నిలబడితే పక్షి మీ వైపే ముఖం తిప్పి వాలుతుంది. తూర్పు తీరంలో అంతా తలకిందులు. ఉదయం వెలుగు సముద్రం నుంచి, గాలి నేల నుంచి. ముఖం మీద వెలుగున్న ఫోటో దొరకడం కష్టం. అక్కడ తొలి గంటను నీడబొమ్మలకు, నీటి మీద మెరుపుకు వదిలేసి, సముద్రపు గాలి మొదలయ్యే వేళకు నీటి అంచున సముద్రానికి వీపు పెట్టి నిలబడాలి. ఆ వేళకు ఇసుక వేడెక్కడం మొదలవుతుంది, అదే ఈ లెన్స్‌కు అసలు పరీక్ష.

"600 దగ్గర మెత్తగా వస్తోంది, లెన్స్‌లో లోపం" అన్న ఫిర్యాదు ఎక్కువగా వినబడేది తీరంలో వాడేవాళ్ల నుంచే. చాలాసార్లు తప్పు లెన్స్‌ది కాదు, గాలిది. పొడి ఇసుక ఎండకు వేడెక్కి తనపై గాలిని వేడి చేస్తుంది. వేడి గాలి, చల్లటి గాలి పొరలు పొరలుగా కదులుతుంటే వాటి గుండా వచ్చే కాంతి వంకర్లు పోతుంది. ఇసుకకు దగ్గరగా పడుకుని దూరంగా చూసినప్పుడు ఆ పొరల గుండా కాంతి ప్రయాణం ఎక్కువ. పక్షి కంటి ఎత్తుకు దిగడం ఎంత మంచిదో ఈ ఒక్క విషయంలో అంత చెడ్డది. పోల్చుకోవడం తేలిక. వ్యూఫైండర్‌లో పెద్దది చేసి పక్షి కాళ్లు, ముక్కు అంచులు చూడండి, నీటి అడుగున ఉన్నట్టు వణుకుతుంటే అదే. పది ఫ్రేములు వరుసగా తీస్తే ఒకటో రెండో పదునుగా, మిగిలినవి రకరకాల వంకర్లతో వస్తాయి. ఫోకస్ లోపమైతే పదీ ఒకేలా చెడిపోవాలి. షట్టర్ 1/4000కి పెంచినా లాభం లేదు, వంకరగా వచ్చిన కాంతిని ఎంత వేగంగా పట్టుకున్నా వంకరగానే ఉంటుంది. లెన్స్‌లో వణుకు తగ్గించే ఓఎస్ఎస్ కూడా దీనికి మందు కాదు.

చేయగలిగినవి కొన్నే. తొందరగా వెళ్లడం, దగ్గరికి చేరడం, పొడి ఇసుక మీదుగా కాకుండా తడి ఇసుక మీదుగానో నీటి మీదుగానో చూడటం, మబ్బు రోజును వదులుకోకపోవడం. ఎండ నెత్తికెక్కాక పొడి ఇసుక మీదుగా ముప్పై నలభై మీటర్ల అవతల ఉన్న దేనికీ ఆశ పెట్టుకోవద్దు. లెన్స్‌కు, బాడీకి మధ్య తగిలించి ఫోకల్ లెంగ్త్ పెంచే 1.4 ఎక్స్ కన్వర్టర్ కొనాలా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. దానితో 840 మి.మీ. ఎఫ్/9 వస్తుంది. వెలుతురు తక్కువున్న పొద్దున ఎఫ్/9 చాలదు, వెలుతురు ఉన్నప్పుడు వేడి గాలి ఊరుకోదు. తీరంలో దానికి మిగిలేది చల్లటి, వెలుతురున్న చిన్న వ్యవధి మాత్రమే. 2 ఎక్స్ సంగతి ఎత్తనే అక్కర్లేదు. ఇంకో చిన్న మెలిక: చల్లటి కారులోంచి తీసిన వెంటనే లెన్స్‌కు, హుడ్ లోపలి గాలికి, బయటి గాలికి మధ్య తేడా వల్ల కూడా ఇదే మెత్తదనం వస్తుంది. హుడ్ తీసి పావుగంట ఆగితే సర్దుకుంటుంది.

దగ్గరికి చేరడం అంటే పక్షిని తరమడం కాదు. బురదమేటల మీద మేసే పక్షుల విషయంలో ఆ పని పోటు నీరే చేసిపెడుతుంది. ఒక పోటుకు, మరో పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అంటే ఏ రోజుకారోజు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు నిండడానికి రెండు గంటల ముందే ఒడ్డున పడుకుంటే, నీరు ఎక్కేకొద్దీ పక్షులు మేత వెతుక్కుంటూ మీ వైపే వస్తాయి. ఆరు గంటల ఎక్కుడులో నడిమి రెండు గంటల్లోనే సగం నీరు కదులుతుంది, అప్పుడు మేట అంచు కళ్లముందే జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో ఇంకా చురుగ్గా ఉంటుంది. సామాను, తిరుగుదారి రెండూ చూసుకుని పడుకోండి. నిండు పోటులో అన్నీ ఒకచోట గుంపుగా నిలబడి విశ్రాంతి తీసుకునేటప్పుడు మాత్రం జోలికి పోవద్దు, లేపిన ప్రతిసారీ వాటి ఒంట్లో దాచుకున్న శక్తి ఖర్చవుతుంది. మేస్తున్న పక్షి తలెత్తి కదలకుండా చూసిందంటే అక్కడే ఆగాలి. ప్లోవర్ పక్షి రెక్క విరిగినట్టు నటిస్తూ ఈడ్చుకుంటూ పోతుంటే మీ కాళ్ల దగ్గరే గూడుందని అర్థం. పోటు గీతకు పైనున్న పొడి ఇసుకలో గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లిపోండి, తల్లి లేని గుడ్లు ఎండకు త్వరగా వేడెక్కుతాయి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే రాత్రిపూట ఫ్లాష్, టార్చి రెండూ నిషిద్ధమనే అనుకోండి.

10 మీటర్ల దూరంలో 600 దగ్గర ఫ్రేములో పట్టేది సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు. ఎఫ్/6.3లో పదునుగా ఉండే లోతు పది సెంటీమీటర్లే. చిన్న పక్షి పక్కకు తిరిగి నిలబడితే చాలు, ఎదురుగా ముక్కు పెట్టి నిలబడితే కంటికి, తోకకు రెండింటికీ సరిపోదు. ఎఫ్/8కి వెళ్లడం అప్పుడే. కనిష్ఠ దూరం 2.4 మీటర్లు, అక్కడ ఫ్రేములో పట్టేది 18 సెంటీమీటర్ల వెడల్పు. ఆ దూరంలో ఇది నిజానికి 600 కాదు, చాలా టెలిఫోటోల్లాగే దగ్గరయ్యేకొద్దీ దీని ఫోకల్ లెంగ్త్ తగ్గుతుంది. ఇసుకపీత ఫోటోకు అదీ బాగానే సరిపోతుంది. కన్నానికి రెండున్నర మీటర్ల దూరంలో, నేల మీద ఆనించే గ్రౌండ్ పాడ్ మీద లెన్స్ పెట్టి కదలకుండా ఉంటే పీత ముందు కళ్లు మాత్రం బయటపెడుతుంది. ఆ కాడల మీది నల్లటి కళ్లు, అంచున తడి ఇసుక గింజలు కనబడేంత వివరం ఈ లెన్స్ ఇస్తుంది. మోచెయ్యి జరిపినా నేల అదురుకు అది లోపలికి పోతుంది.

ఇక దృశ్యాలు. 200 అన్నది చాలా ఇరుకైన మొదలు. కాళ్ల ముందు రాయి, వెనక తీరమంతా పట్టే ఫోటో దీనితో రాదు. తీరంలో లెన్స్ మార్చడమంటే సెన్సార్ మీదికి ఉప్పును పిలవడమే. రెండో బాడీకి 24-105 లాంటిది తగిలించి ఉంచుకోవడం ఒక్కటే సరైన దారి. 200-600 చేసే పని వేరు. ఒకదాని వెనక ఒకటి మంచులో పలచబడే కొండకొమ్ములు, ఏటి మొగలో ఇసుకదిబ్బల వంపులు, వరుసలు వరుసలుగా విరిగే అలలు. తెల్లవారి నేలగాలి వీచేటప్పుడు అల నెత్తిన తుంపర వెనక్కి లేస్తుంది. దాని వెనక సూర్యుడుంటే 1/1600 దగ్గర అదొక్కటే చాలు. 600 దగ్గర సూర్యబింబం సెన్సార్ మీద దాదాపు ఐదున్నర మి.మీ. ఉంటుంది, అంటే ఫ్రేము ఎత్తులో నాలుగో వంతుకు కాస్త తక్కువ. బింబం ఎర్రగా, కంటికి గుచ్చుకోకుండా ఉన్నంతసేపే. అది తెల్లబడ్డాక ఇంత పెద్ద అద్దాన్ని దానివైపు తిప్పితే సెన్సార్‌కే ముప్పు. సముద్రపు గీత అర డిగ్రీ వంగినా తెలిసిపోతుంది కాబట్టి లెవెల్ గేజ్ ఎప్పుడూ తెర మీద ఉంచండి.

నిదానపు షట్టర్ కావాలంటే ట్రైపాడ్ తప్పదు, తడి ఇసుకలో అదే పెద్ద సమస్య. అల వెనక్కి తీసేటప్పుడు కాలి చుట్టూ ఇసుక కోసుకుపోతుంది, అర సెకను ఎక్స్‌పోజర్‌లో ఆ మిల్లీమీటరు దిగుడు చాలు ఫోటో చెడడానికి. మూడు కాళ్లనూ ముందే బలంగా నొక్కి, రెండు మూడు అలలు పోనిచ్చి, కుదురుకున్నాకే మొదలుపెట్టండి. నీళ్లలో నిలబెట్టేటప్పుడు అడుగు భాగాన్ని ముందు పూర్తిగా సాగదీయాలి, అప్పుడు బిగింపు రింగు నీటికి పైనుంటుంది. ఓఎస్ఎస్ స్విచ్ ఆపేయండి, దానితోపాటే బాడీలోని స్థిరీకరణ కూడా ఆగుతుంది. 2 సెకన్ల టైమరు ఇంత పొడవు లెన్స్‌కు చాలదు, 5 పెట్టండి.

శుభ్రం చేయడంలో తొందరే ఎక్కువ చెడగొడుతుంది. ముందు అద్దం మీద ఎండిన తుంపరను పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు పలుకులు పూతను గీస్తాయి. మొదట బ్లోయర్‌తో ఊదండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఉప్పు కరగనివ్వండి. ఆఖరున మరో పొడిగుడ్డ. గొట్టం, రింగుల సందులు, హుడ్ తగిలించే గాడి, కాలి మర అన్నీ తడిగుడ్డతోనే. నీళ్ల ధార కింద పెట్టొద్దు, ఇది తుంపరను తట్టుకునేలా చేసిందే గానీ కడిగేందుకు చేసింది కాదు. తడి ఆరకుండా సంచిలో మూస్తే ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటూ మర్నాటికి కూడా తడిగానే ఉంటుంది. ట్రైపాడ్ కాళ్లను మాత్రం మంచినీళ్లతో కడిగి, విప్పి ఆరబెట్టండి.

పోటీ లెన్స్‌ల మాట. నికాన్ జెడ్ 180-600 కూడా పొడవు మారనిదే, కాలు లేకుండా 1,955 గ్రాములు, ఫిల్టర్ కొలత అదే 95. నికాన్ బాడీ ఉన్నవాళ్లు దీని కోసం కంపెనీ మారాల్సిన పనేలేదు. 2025లో సోనీయే 400-800 ఎఫ్/6.3-8 తెచ్చింది, అదీ సాగని గొట్టమే. కానీ 800 దగ్గర ఎఫ్/8, పైన చెప్పిన వేడిగాలి లెక్క దానికి రెట్టింపు వర్తిస్తుంది. 400తో మొదలవుతుంది కాబట్టి దృశ్యాలకు ఇంకా ఇరుకు. రోజూ చాలా దూరం నడిచేవాళ్లు, పీతలు, గవ్వలు ఎక్కువగా తీసేవాళ్లు 100-400 జీఎం చూసుకోవడం మంచిది. 1,395 గ్రాములే, 98 సెంటీమీటర్ల దగ్గరికి ఫోకస్ అవుతుంది. గొట్టం తుడిచే ఓపిక ఉండాలి, అంతే.

పాతది కొనేవాళ్లు అది తీరంలో బతికిందో లేదో చూసుకోవాలి. మౌంటు చుట్టూ ఉన్న మరల తలల మీద గోధుమరంగు చుక్కలున్నాయా, హుడ్ గాడిలో తెల్లటి పొర కట్టిందా చూడండి. జూమ్ రింగు, ఫోకస్ రింగు చెవి దగ్గర పెట్టుకుని నిదానంగా తిప్పండి, గరగర వినిపిస్తే లోపల ఇసుకుంది. కాలి మీట పూర్తిగా వదులై మళ్లీ బిగియాలి, కాలును పట్టి ఉంచే కాలర్ ఎక్కడా పట్టేయకుండా చుట్టూ తిరగాలి. వెనక నుంచి టార్చి వేసి చూస్తే ఒకటీ అరా దుమ్ము కనబడటం మామూలే. అంచుల నుంచి సాలెగూడులా పాకిన మసక కనబడితే అది ఫంగస్, ఎంత తక్కువకిస్తానన్నా వద్దు.